ఒహాయోలో ఆరభి

నాకు పాట నేర్పిన మామి పోయారని కబురు వచ్చేనాటికి త్యాగరాజ ఆరాధన ఇంకా వారం రోజులుంది. ఏటా పుష్య బహుళ పంచమికి మా కాలనీలో పాడగలిగినవాళ్ళందరం కూర్చుని పంచరత్నాలు, అంటే త్యాగరాజస్వామి ఐదు రాగాల్లో చేసిన ఐదు పెద్ద కీర్తనలు, పాడుకుంటాం. ఆ సాయంత్రం దానికోసమే సాధన పెట్టుకున్నాం. నాట, గౌళ రాగాల్లోవి ఎలాగో గట్టెక్కాయి. ఆరభిలో "సాధించెనే" ఎత్తుకోగానే నాకు గొంతు పూడుకుపోయింది. పక్కనున్న ఆవిడ నీళ్ళ సీసా అందించారు. ఆ కీర్తన నాకు ఎవరు నేర్పారో ఆవిడకు తెలియదు. ఎక్కడ నేర్చుకున్నానో చెబితే నమ్మేవారు కూడా కాదేమో. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ అనే ఊరుంది. ఆ ఊళ్ళో కిటికీల దాకా మంచు పేరుకున్న ఒక ఇంటి బేస్‌మెంటులో నేర్చుకున్నాను.

అప్పటినుంచి ఒకటే జ్ఞాపకాలు. రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

*

నాన్నది రబ్బరు రసాయనశాస్త్రం. ఆక్రన్ టైర్ల కంపెనీలకు పేరుపడ్డ ఊరు. ఒకప్పుడు ఊరంతా కాలిన రబ్బరు వాసన వేసేదని పాత కాపురస్తులు చెప్పేవారు. మేము వెళ్ళేనాటికి ఫ్యాక్టరీలు చాలావరకు మూతపడ్డాయి, పరిశోధనశాలలు మాత్రం మిగిలాయి. అందులో ఒకదానిలో నాన్నకు ఉద్యోగం. విజయవాడ సత్యనారాయణపురంలో సందులోంచి సందులోకి పరుగెత్తుతూ పెరిగిన నన్ను తీసుకెళ్ళి, మనిషి అలికిడి లేని ఒక వీధిలో దించారు.

అమ్మకు అక్కడ అన్నిటికంటే కష్టమైంది పొద్దుటి పూట. విజయవాడలో ఆమె పొద్దు రేడియోతో నడిచేది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. అమ్మ పుట్టి పెరిగినదంతా దాని నీడలోనే. భక్తిరంజని వస్తుంటే పాలు కాగేవి, అది అయిపోయేలోపు పిల్లల జడలు అయిపోవాలి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు మా అమ్మమ్మగారి వీధిలో ఒక ఇంట్లో మొదలై, చివరి ఇంటిదాకా ఒక్క అక్షరం తప్పకుండా వినిపించేదట. ఆయన మన శంకరగుప్తంలో పుట్టి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర శిష్యరికం చేసి, బెజవాడలోనే ఎదిగిన మనిషి. అందుకే అమ్మ ఆయన గురించి ఇంటి మనిషి గురించి చెప్పినట్టే చెప్పేది.

ఆక్రన్‌లో రెండు పొరల అద్దాల కిటికీలు. చలికాలమంతా అవి తెరిచేదే లేదు. వీధిలో పాలవాడు రాడు, కూరలమ్మి కేక ఉండదు. వినిపించేదల్లా నేలమాళిగలోంచి వచ్చే హీటరు హోరు ఒక్కటే. సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న క్యాసెట్లను అమ్మ ఒకటి తరవాత ఒకటి పెట్టుకునేది. టేపు సాగి బాలమురళి గొంతు కాస్త బరువెక్కినా ఊరుకునేది కాదు. క్యాసెట్ తీసి, చక్రంలో పెన్సిలు దూర్చి, టేపు బిగించి మళ్ళీ పెట్టేది.

*

మామి మాకు దొరికింది పిట్స్‌బర్గ్‌లో. తిరుమల తిరుపతి దేవస్థానం సాయంతో 1970లలో అక్కడ పెన్ హిల్స్ గుట్ట మీద వేంకటేశ్వరుడి గుడి కట్టారు. చుట్టుపక్కల మూడు నాలుగు రాష్ట్రాల వాళ్ళం పండగ వస్తే కారెక్కి అక్కడికి చేరేవాళ్ళం. ఒకసారి అభిషేకానికి ముందు మంటపంలో ఒకావిడ ఒక్కరే కూర్చుని పాడుకుంటున్నారు. మైకు లేదు, పక్కవాద్యం లేదు. కోటు కూడా విప్పలేదు. అమ్మ నా చెయ్యి వదిలేసి ఆవిడ ఎదురుగా వెళ్ళి కూర్చుంది. పాట అయ్యాక మీదే ఊరని అడిగితే ఆక్రన్ అన్నారు. మా ఇంటికి కారులో పది నిమిషాలు కూడా పట్టదు. ఒకే ఊళ్ళో ఉంటూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒక చలికాలం గడిపేశామని అమ్మ దారి పొడుగునా బాధపడింది.

ఆవిడది కుంభకోణం. భర్త కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఆవిడకు వాడుక తెలుగు రాదు, కానీ వందల కీర్తనలు కంఠతా వచ్చు. అమ్మను చూడగానే, ఆ కీర్తనల తెలుగులోనే, "రావమ్మా, ఇందు కూర్చుండుము" అనేవారు. మొదట్లో నాకు నవ్వు వచ్చేది, తరవాత అదే ఇష్టమైపోయింది. తమిళంలో అత్తయ్య అన్నట్టు, పిల్లలం అందరం ఆవిడను మామీ అనే పిలిచేవాళ్ళం. తమిళుల పిల్లలు, కన్నడిగుల పిల్లలు, నేనూ, ఇంకో ఇద్దరు ముగ్గురు తెలుగు పిల్లలూ. ఫీజు లేదు. ఆలస్యంగా వస్తే మాత్రం మెట్ల మీదే కూర్చోవాలి. పాఠం మధ్యలో కిందికి దిగనిచ్చేవారు కాదు.

ఆ బేస్‌మెంటు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. ఒక మూల బట్టలుతికే యంత్రం, ఇంకో మూల హీటరు, మధ్యలో ముదురు ఆకుపచ్చ తివాచీ. గోడకు త్యాగరాజస్వామి పటం, దానికింద ఇత్తడి దీపపు కుంది. పాఠం మొదలుపెట్టే ముందు మామి వెళ్ళి హీటరు ఆపేసేవారు. దాని హోరు ఒక స్వరం మీద నిలిచి ఉంటుంది, మన షడ్జమానికి, అంటే మనం పాడే ఆధార స్వరం "స"కు, సరిపోదు, పిల్లల చెవి చెడిపోతుందని ఆవిడ భయం. అరగంటకల్లా గది చల్లబడేది. స్వెట్టర్లు వేసుకుని, మోకాళ్ళ మీద శాలువాలు కప్పుకుని సరళీ స్వరాలు పాడేవాళ్ళం. మూడో కాలం, అంటే అన్నిటికంటే వేగంగా, పాడేసరికి ఒళ్ళు వెచ్చబడేది. "చూశావా, హీటరు ఎందుకు?" అనేవారు ఆవిడ.

ఆవిడ తంబూరా తంజావూరు నుంచి విమానంలో వచ్చింది. మొదటి చలికాలంలోనే నెర్రె విచ్చింది. హీటరు వేసిన ఇళ్ళల్లో గాలి ఎండిపోతుంది. చర్మం పగిలినట్టే చెక్కా పగులుతుంది. అప్పటినుంచి తంబూరా పక్కన ఎప్పుడూ వెడల్పాటి గిన్నెతో నీళ్ళు ఉండేవి. మెడమీద తడి తువ్వాలు వేసేవారు. బెంగళూరులో తయారైన ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఒకటి తరవాతెప్పుడో వచ్చింది. మన కరెంటు వేరు, అక్కడి కరెంటు వేరు. దానికి ఇటుకరాయంత ట్రాన్స్‌ఫార్మర్ తగిలించాల్సి వచ్చేది. అది ఉన్నా మామి పాత తంబూరానే మీటేవారు. అతుకు వేయించిన చోట బొటనవేలితో ఒకసారి తడిమి, అప్పుడు ఒళ్ళో పెట్టుకునేవారు.

పాడేటప్పుడు మా వీపు మీద అరచెయ్యి ఆనించేవారు. ఊపిరి పొట్టలోంచి వస్తోందా, గొంతులోంచి వస్తోందా అని చూడడానికి. ఆ చెయ్యి చల్లగా ఉండేది. తప్పు పాడితే తీసేసేవారు. తిట్టు లేదు, మాట లేదు. చెయ్యి తీసేశారంటే మళ్ళీ మొదటినుంచి పాడాలి.

పాఠానికి ముందు సాహిత్యం వంతు అమ్మది. అమ్మ కీర్తనను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, అందులో ఏముందో కథలా చెప్పేది. ఒక్కో కీర్తనకు అరగంట పట్టేది. మామి కూడా మాతోపాటే నేలమీద కూర్చుని వినేవారు. ఏళ్ళ తరబడి పాడుతున్న కీర్తనే అయినా, కొత్తగా తెలిసిన చోటల్లా పుస్తకంలో పెన్సిలుతో గీత గీసుకునేవారు. ఆ కాసేపూ మా అమ్మ గురువు, ఆవిడ శిష్యురాలు. ఇద్దరి మధ్యా అంత మర్యాద నేను ఇంకెక్కడా చూడలేదు.

పంచరత్నాల్లో "కనకనరుచిరా" మాత్రం మామి మాకు నేర్పలేదు. అది వరాళి. వరాళిని గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చోబెట్టి చెబితే ఇద్దరి మధ్యా విరోధం వస్తుందని సంగీత కుటుంబాల్లో ఒక నమ్మకం. మామి ఒక్కరే గదిలో తలుపు వేసుకుని మొత్తం కీర్తన రెండుసార్లు పాడి, క్యాసెట్లోకి ఎక్కించి మాకు ఇచ్చారు. ఒకసారి చౌకంగా, అంటే బాగా నెమ్మదిగా, ఒకసారి అసలు కాలంలో. "నేను నేర్పుట లేదు, మీరు వినుచున్నారు" అన్నారు. మేము వినే నేర్చుకున్నాం. ఆరాధనలో ఆవిడ పక్కన కూర్చుని పాడినప్పుడు ఆవిడ తప్పులు దిద్దలేదు, కానీ మర్నాడు ఇంకో క్యాసెట్ వచ్చింది.

*

ఆ రోజుల్లో ఇండియా నుంచి విద్వాంసులు వస్తే హోటళ్ళలో దిగేవారు కాదు. మా ఇళ్ళల్లోనే దిగేవారు. మా పిల్లల గదులు ఖాళీ చేయించి వాళ్ళకు పడకలు వేసేవారు. కచేరీలు చర్చి హాళ్ళలో, బడి క్యాఫెటేరియాలలో, ఒక్కోసారి ఎవరి హాల్లోనో సోఫాలు గోడకు జరిపి. పదిమందే వచ్చినా గాయకులు రెండున్నర గంటలకు తగ్గేవారు కాదు. వర్ణం, రెండు మూడు కృతులు, రాగం, తానం, పల్లవి, మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం, చివరకు తిల్లానా, మంగళం. చెన్నపట్నం సభలో ఎలా పాడతారో మా ఇంటి హాల్లోనూ అలాగే.

ఒకసారి వచ్చిన మృదంగ విద్వాంసులు ఎడమ మూతకు పెట్టడానికి రవ్వ అడిగారు. ఇంట్లో బొంబాయి రవ్వ అయిపోయింది. ఇండియన్ కొట్టు క్లీవ్‌ల్యాండ్‌లో గానీ లేదు. బయట మంచు తుఫాను. అమ్మ అమెరికన్లు పొద్దున గంజిలా కాచుకునే క్రీమ్ ఆఫ్ వీట్ డబ్బా తీసి చూపించింది. ఆయన చిటికెడు నోట్లో వేసుకుని చూశారు. నీళ్ళు చిలకరించి అరచేతిలో ముద్ద చేశారు. అది గట్టిపడేదాకా బొటనవేలితో నలిపి, మూత మధ్యలో రూపాయంత మందాన అద్ది, అంచులు తడి వేలితో పలచగా దిద్దారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాను. ఆయన ఒక్క దెబ్బ కొట్టి చెవి ఒగ్గి విని, ఇంకాస్త రవ్వ అద్ది, మళ్ళీ కొట్టారు. గుమ్మన్న ఆ నాదానికి కిటికీ అద్దం గిలగిలమంది. "ఇది మన రవ్వ కంటే బాగా పట్టిందమ్మా" అన్నారు ఆయన. తరవాత ఆయన ఎప్పుడు వచ్చినా ఆ డబ్బా ఒకటి కొని సిద్ధంగా ఉంచేవాళ్ళం.

*

మామి ఇంట్లో ఒక ఎల్పీ రికార్డు ఉండేది. అట్ట మీద తెల్ల మనిషి, జుబ్బా వేసుకుని తంబూరా ముందు కూర్చున్నాడు. మొదట పాట వినిపించి, తరవాత అట్ట చూపించడం ఆవిడకు సరదా. మాలో ఒక్కరం కూడా కనుక్కోలేకపోయాం. ఆయన జాన్ హిగిన్స్. మసాచుసెట్స్‌లో పుట్టి, కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ కర్ణాటక సంగీతంలో పడ్డాడు. మద్రాసు వెళ్ళి నేర్చుకుని, త్యాగరాజస్వామి సమాధి ఉన్న తిరువయ్యారులో ఆరాధనకు పాడాడు. మనవాళ్ళే ఆయన్ను హిగిన్స్ భాగవతార్ అన్నారు.

ఆయనకు నేర్పిన టి. విశ్వనాథన్ వేణువు విద్వాంసులు. వీణ ధనమ్మాళ్ మనవడు, నర్తకి బాలసరస్వతికి తమ్ముడు. విశ్వనాథన్, మృదంగం వాయించే అన్న రంగనాథన్ ఇద్దరూ వెస్లియన్‌లో పాఠాలు చెప్పారు. విశ్వనాథన్ కచేరీలో వేణువు వాయిస్తూ వాయిస్తూ, మధ్యలో దాన్ని పక్కకు జరిపి అదే పాదాన్ని నోటితో పాడేవారు. సాహిత్యం శ్రోతకు తెలియాలని ఆయన పట్టుదల. ధనమ్మాళ్ ఇంటి ఆస్తి క్షేత్రయ్య పదాలు. మన కృష్ణా జిల్లా మొవ్వ పేరు చెప్పుకునే ఆ పదాలు ఒక తమిళ దేవదాసీ కుటుంబం గొంతుల్లో తరాలపాటు బతికి, వాళ్ళ ద్వారా కనెక్టికట్ చేరాయి. ఇదంతా మామి నోట వింటూ అమ్మ కళ్ళు తుడుచుకున్న రోజు నాకు గుర్తుంది.

హిగిన్స్ 1984 డిసెంబరులో చనిపోయారు. సాయంత్రం కుక్కను తీసుకుని నడకకు వెళితే తాగి బండి నడిపినవాడు గుద్దేశాడు. అప్పటికి నేను చిన్నపిల్లను. ఆ వారం పాఠానికి వెళితే మామి హీటరు ఆపలేదు. తంబూరా తీయలేదు. రికార్డు పెట్టి, అది అయ్యేదాకా గోడకు చేరగిలబడి కూర్చున్నారు. ఆయనను ఆవిడ ఎన్నడూ కలుసుకోలేదు.

*

మా ఊళ్ళో పిల్లలందరం తాతగారని పిలిచే ఒక పెద్దాయన ఉండేవారు. 1966లో ఆయన న్యూయార్క్‌లో విద్యార్థి. ఆ ఏడాది అక్టోబరులో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ మందిరంలో పాడారు. ఆ పర్యటనలోనే ఆమె ఇంకోచోట చేసిన కచేరీకి తాతగారు టికెట్టు కొనుక్కుని వెళ్ళారు. ఆ సంగతి చెప్పమంటే చాలు, ఆయన కుర్చీలో నిటారుగా సర్దుకునేవారు. సమితిలో పాడడానికి కంచి పరమాచార్య చంద్రశేఖరేంద్ర సరస్వతి "మైత్రీం భజత" అని సంస్కృతంలో రాసి ఇచ్చారనీ, రాజాజీ ఇంగ్లీషులో ఒక ప్రార్థన రాసి ఇచ్చారనీ, ఆమె పెంచిన కూతురు రాధ పక్కన కూర్చుని గొంతు కలిపిందనీ వరసగా చెప్పుకొచ్చేవారు. దేశాల ప్రతినిధులు కుర్చీల్లో కూర్చుంటారు, ఆమె మాత్రం ఎప్పటిలాగే కంచిపట్టు చీరలో బాసిపట్టు వేసుకుని కూర్చుని పాడింది. ఆ మాట దగ్గర ఆయన గొంతు పెరిగేది.

తాతగారి మాటలు నాకు వయసు వచ్చాక తలకెక్కాయి. న్యూయార్క్‌లో ఆయనను రోజూ ఎవరో ఒకరు, మీరు ఏ దేశం, అక్కడ ఏనుగులు వీధుల్లో తిరుగుతాయా అని అడిగేవారట. ఆమె కచేరీ మర్నాడు, ఆయనతోపాటు చదివే ఒక అమెరికన్ కుర్రాడు వచ్చి, నిన్న రాత్రి ఆవిడ పాడింది ఏ రాగమని అడిగాడట. ఏనుగుల ప్రశ్న పోయి రాగం ప్రశ్న వచ్చిందని ఆయన అనేవారు.

*

అమెరికాలో మే నెల ఆసియా, పసిఫిక్ మూలాలున్న అమెరికన్లది. 1979లో ముందు ఒక వారంగా మొదలై, 1990లలో నెలగా స్థిరపడింది. మా బడిలో ఆ నెల వస్తే గ్రంథాలయంలో ఒక బల్ల వేసేవారు. దానిమీద కాగితపు విసనకర్రలు, చైనా లాంతర్లు, ఒక ఇత్తడి నటరాజు. మా తరగతిలో ఆ బల్లకు చెందినవాళ్ళం ఇద్దరం. నేనూ, ఒక కొరియా అమ్మాయీ. ఆ అమ్మాయి వాళ్ళమ్మ సియోల్‌లో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకుని, మా ఊళ్ళో కొరియన్ల చర్చిలో పాడించేవారు. వాళ్ళింట్లో సుమి జో రికార్డులు ఉండేవి. కొరియాలో పుట్టి, వాద్యబృందాలు నడిపించడంలో పేరుపడ్డ కరాయన్ మెచ్చుకుని పాడించుకున్న సోప్రానో, అంటే పైస్థాయి గొంతు గాయని. ఐరోపా వాళ్ళ సంగీత నాటకం ఆపెరాను ఐరోపా వాళ్ళ గడ్డమీదే పాడి నిలబడిన మనిషి. ఆ అమ్మాయి గది గోడమీద సినిమా తారలు లేరు, ఆవిడ బొమ్మ ఉండేది. నాకు అది చూస్తే ధైర్యంగా ఉండేది.

ఒక ఏడు ఆ నెలలో బడిలో సాయంత్రం కార్యక్రమం పెట్టారు. ఒక్కొక్క దేశానికి మూడు నిమిషాలు, రంగురంగుల బట్టలు వేసుకోవాలి అన్నారు. నేను ఇంటికి వచ్చి చెబితే అమ్మ చిన్న భజన ఏదైనా పాడవచ్చులే అంది. మామికి చెప్పాం. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. "మూడు నిమిషములలో ఏమి వినిపింతుము? వారి కొరకు పాట తగ్గించినచో, వారికి తగ్గిన పాటే తెలియును" అన్నారు. మర్నాడు చీర మీద పెద్ద కోటు, కాళ్ళకు బూట్లు వేసుకుని బడికి వచ్చారు. మా సంగీతం మాస్టారితో ఇంగ్లీషులో మెల్లగా, నవ్వుతూనే, అరగంట మాట్లాడారు. ఆఖరి అంశంగా పది నిమిషాలు ఇచ్చారు. ఆవిడ అడిగిందీ అంతే.

"సాధించెనే" ఎంచుకున్నారు. ఆరభి ఘనరాగం. మొదటిసారి విన్నవాళ్ళను కూడా నిటారుగా కూర్చోబెడుతుంది. ఆదితాళం. ఒక్కో చరణాన్ని ముందు స్వరాలతో పాడి, వెంటనే అదే వరసలో సాహిత్యం పాడతాం. ప్రతి చరణం చివరా "సమయానికి తగు మాటలాడెనె" అని పల్లవిలా తిరిగి వస్తుంది. పెద్ద పిల్లలం వరసగా కూర్చున్నాం, మామి వెనక తంబూరాతో. మా క్లాసు కుర్రాడొకడు మృదంగం. మొదటి చరణానికి హాలు నిశ్శబ్దంగా ఉంది. రెండోదానికి ముందు వరసలో కొందరు కాళ్ళతో లయ వేస్తున్నారు. మూడో చరణం స్వరాలు ముగించి సాహిత్యంలోకి దూకేటప్పుడు హాలు వెనకనుంచి ఒక ముసలి గొంతు, "ఒల్సిగూ!" అని కేక పెట్టింది.

అది నా స్నేహితురాలి అమ్మమ్మ. కొరియా వాళ్ళకు పన్సోరి అనే కథాగానం ఉంది. అందులో ఒక్క గాయకురాలు, ఒక్క డోలు. పాట రక్తి కట్టినచోటల్లా డోలు వాయించేవాడూ, వింటున్నవాళ్ళూ అలా కేక వేస్తారు. మనం భళా అన్నట్టు. ఆ ముసలావిడకు ఇంగ్లీషు రాదు, తెలుగు అంతకంటే రాదు. ఎక్కడ కేక వేయాలో మాత్రం తెలిసింది. కచ్చితంగా సమం మీద, తాళం మొదలయ్యే దెబ్బ మీద, వేసింది. మామి తంబూరా మీటుతూనే ఆవిడ వైపు తిరిగి తల వంచారు. అప్పటిదాకా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్న హాలంతా ఒక్కసారిగా కదిలింది.

కార్యక్రమం అయ్యాక సంగీతం మాస్టారు వచ్చి ఆ తిరిగి తిరిగి వచ్చే పాదం మళ్ళీ పాడమన్నారు. ఆయన వేళ్ళతో లెక్కపెట్టుకున్నారు. తాళంలో ఎనిమిది లెక్కలు దొరికాయి గానీ పాట ఎత్తుకునే చోటు చిక్కలేదు. మామి ఆయన అరచెయ్యి తిప్పి, చిటికెన వేలినుంచి మొదలుపెట్టి చూపించారు. ఆ తరవాతి ఏడాది మా బడి గాయక బృందానికి ఆదితాళం వేయడం మామే నేర్పారు. తెల్లపిల్లలు, నల్లపిల్లలు, కొరియా పిల్ల, నేనూ కలిసి తొడమీద తాళం వేస్తూ ఆరభి పాడాం. గ్రంథాలయంలో బల్ల అలాగే ఉంది. దానిమీద మేము త్యాగరాజస్వామి పటం పెట్టాం.

నేను గట్టిగా నమ్మేది ఇది. మనవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా కళను నమూనాగా చూపించే అవసరం వస్తూనే ఉంటుంది. రెండు నిమిషాల ముక్క, నాలుగు రంగుల దుస్తులు, చప్పట్లు. మామి తరం గాయకులు, వాళ్ళకు ముందు సుబ్బులక్ష్మి, విశ్వనాథన్ లాంటివాళ్ళు ఆ పని చేయలేదు. మొత్తం కళను మొత్తంగా తీసుకెళ్ళి ఎదుట పెట్టారు. ఎదుటివాడికి ఓపిక ఉంటుందని నమ్మారు. ప్రయోగాలు వద్దని నేను అనను. బాలమురళిగారి కంటే ప్రయోగాలు చేసినవారు ఎవరు? కొత్త రాగాలు కల్పించారు, వయోలా వాయించారు, రవీంద్ర సంగీతం పాడారు, హిందుస్తానీ గాయకుడు భీమ్‌సేన్ జోషితో జుగల్‌బందీ చేశారు. కానీ డెబ్బై రెండు మేళకర్త రాగాల్లోనూ కృతులు రాసిన మనిషి చేసిన ప్రయోగాలు అవి. 2005లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఆయనకు షెవాలియే గౌరవం ఇచ్చినప్పుడు అమ్మ అందరికీ ఫోన్లు చేసి చెప్పింది.

*

ఈస్టర్ సెలవులొస్తే క్లీవ్‌ల్యాండ్. అక్కడి త్యాగరాజ ఆరాధన 1978లో ఒక చర్చి నేలమాళిగలో కొద్దిమందితో మొదలైంది. నేను పాడే వయసుకు వచ్చేసరికి క్లీవ్‌ల్యాండ్ స్టేట్ విశ్వవిద్యాలయం ఆడిటోరియంలో జరిగేది. ఏప్రిల్ అయినా ఒక్కోసారి మంచు పడేది. తలుపు తీయగానే తడిసిన ఉన్ని కోట్లు, సాంబారు, ఫిల్టరు కాఫీ, మల్లెపూల సెంటు, అన్నీ కలిసిన వాసన. ఆ వాసన నాకు ఇంకెక్కడా తగల్లేదు. వేదిక పక్కన గోడవారగా బురద బూట్ల వరస, వాటి పక్కనే పట్టుచీరలు మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని బూట్లు విప్పుతున్న ఆడవాళ్ళు.

పంచరత్నాలకు వేదికంతా మనుషులే. టొరంటో, డెట్రాయిట్, చికాగో, న్యూజెర్సీ. ముందు వరసలో మద్రాసు నుంచి వచ్చిన విద్వాంసులు, వెనక మాలాంటి పిల్లలు. సాహిత్యం కాగితాలు తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషు అక్షరాల్లో. అందరి శ్రుతీ కుదిరి "జగదానందకారకా" అని ఒక్కసారి లేచినప్పుడు కడుపులో ఏదో కదిలేది. తరవాతి నాలుగూ తెలుగే. తెలుగు ఇంట్లో పుట్టని వందల గొంతులు నా భాషను శ్రద్ధగా, తడబడకుండా పాడుతుంటే, బడిలో నా పేరు సరిగ్గా పలకని వాళ్ళ సంగతి నాకు గుర్తుకు కూడా వచ్చేది కాదు.

పిల్లలకు పోటీలు ఉండేవి. నడవాల్లో ప్రతి మూలా ఎవరో ఒక తల్లి, ఎవరో ఒక పిల్ల, చిన్న శ్రుతిపెట్టె. నలుగురు నాలుగు శ్రుతుల్లో పాడుతుంటే ఎవరి చెవి వాళ్ళు ఒక చేత్తో మూసుకునేవారు. మామి మాత్రం పోటీకి ముందు పాడనిచ్చేవారు కాదు. వేడినీళ్ళు తాగించి, పక్కన కూర్చోబెట్టుకుని ఎవరి కచేరీయో వినిపించేవారు.

మొన్నామధ్య మా అమ్మాయిని తీసుకుని అక్కడికి వెళ్ళాను. ఇప్పుడది పది రోజులకు పైగా సాగే పండగ. మామి చక్రాల కుర్చీలో వచ్చారు. నన్ను గుర్తుపట్టారు. పాడుతుంటే నా వీపు మీద చెయ్యి పెట్టారు.

ఇప్పుడు ప్రవాహం అటునుంచి ఇటు కూడా నడుస్తోంది. కాలిఫోర్నియాలో పెరిగిన సందీప్ నారాయణ్, రామకృష్ణన్ మూర్తి చెన్నై సభల్లో ప్రధాన గాయకులు. డిసెంబరు సీజన్‌లో వాళ్ళ కచేరీకి వెళ్ళినప్పుడు, వీళ్ళూ అక్కడ ఏదో ఒక ఊళ్ళో, ఎవరో ఒక గురువు ముందు మాలాగే కూర్చున్నవాళ్ళేనేమో అనుకుంటూ వింటాను.

*

మామి దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఒక మాట. ఆవిడ ఇంటి కచేరీల క్యాసెట్లు, వరాళి క్యాసెట్లు మన ఇళ్ళల్లో అటకల మీద ఉండి ఉంటాయి. నా దగ్గరున్న వాటిలో ఒకటి ఇప్పటికే బూజు పట్టింది, ఇంకోదాని టేపు అంటుకుపోయింది. పాత టేపును ఇంట్లో ప్లేయర్‌లో పెట్టకండి, తెగిపోతుంది. హైదరాబాద్‌లో శుభ్రంచేసి కంప్యూటర్‌లోకి ఎక్కించే మనిషి ఒకరు దొరికారు. నావి ఇచ్చాను. మీవి కూడా పంపితే అన్నీ ఒకచోట చేర్చి, మామి పిల్లలకూ, మన పిల్లలకూ తలా ఒక ప్రతి ఇద్దాం. "కనకనరుచిరా" చౌకకాలం పాడినది నా దగ్గర సగమే ఉంది. మిగతా సగం మీలో ఎవరి దగ్గరో ఉంది.